అందరికీ ఒక్కటే రబ్బరు బ్యాండు ఇయ్యిండ్రి

మొన్న ఉస్మానియా క్యాంపస్‌ల బడిపిల్లల సైన్స్ పోటీ జూసిన. పిల్లలు జేసిన బొమ్మ కార్ల పందెం అది. ఒక పిలగాడు మోటరు, రిమోటు ఉన్న కిట్టు కారు తెచ్చిండు. సర్కారు బడి పిల్ల ఒకామె అట్టముక్కకు పాత సీడీలు చక్రాలుగ బిగించి, ఇరుసుకు రబ్బరు బ్యాండు సుట్టి తెచ్చింది. జోరుగ ఉరికింది కిట్టు కారే. కప్పు గూడ దానికే వొచ్చింది.

గని సైన్స్ ఏ కారుల ఉన్నది?

సీడీలు నేల మీద జారకుండ అంచుకు బెలూన్ ముక్క తొడిగిన అని ఆ పిల్ల జెప్పింది. ఘర్షణ పాఠం అంటె అదే. ఇరుసు సన్నగ ఉంటె రబ్బరు ఎక్కువ సుట్లు పడుతది, బండి మెల్లగ కదిలినా దూరం పోతది. లావుగ ఉంటె ఒక్కపారి దుంకి దగ్గర్నే ఆగుతది. ఇది ఆమె చేతులతోని తెలుసుకున్న ముచ్చట. కిట్టు కారు గురించి అడిగితె, యాడ కొన్నరో జెప్పిండు పిలగాడు. ఆయన తప్పు గాదు. పోటీ అడిగిందే జోరును, ఆలోచనను గాదు.

పెద్దోళ్ల రేసులు గూడ మనం జూసినం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన దేశంల మొదటి ఫార్ములా ఈ రేసు నడిసింది. 2024 రేసు రద్దయింది. దానికోసం కట్టిన దాదాపు 55 కోట్ల మీద అదే ఏడాది డిసెంబర్‌ల ఏసీబీ కేసు పెట్టింది. తప్పెవరిదో కోర్టులు తేలుస్తయి. నా లెక్క వేరే. అటల్ టింకరింగ్ ల్యాబుకు కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల దాక ఇస్తది. ఆ లెక్కన 55 కోట్లంటె 275 బళ్లు.

అట్లని అంతా పైసలతోనే అయితదా? కాదు. తార్నాకనే జూడుండ్రి. 1918ల పుట్టిన ఉస్మానియా, 1944ల మొదలైన ఐఐసీటీ, పోషకాహార సంస్థ, హబ్సిగూడ దిక్కు సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ. ఇంత సైన్స్ ఒక్కతాన ఉన్న జాగలు దేశంల ఎన్నుంటయి? సీఎస్ఐఆర్ 2017ల జిజ్ఞాస కార్యక్రమం మొదలువెట్టి కేంద్రీయ విద్యాలయాల పిల్లలను ల్యాబులకు పిలిసింది. మంచిదే. గదే తీరుగ, గోడ పక్కన ఉన్న సర్కారు బడి పిల్లల నడుమ కూసోని ఒక సైంటిస్టు నెలకొక పూట ఇరుసు సక్కగ బిగిచ్చుడు నేర్పితె ఖర్చేమైతది?

పోటీ పెట్టెటోళ్లకు నేను అడిగేది మూడే ముచ్చట్లు. అందరికీ ఒక్క తీరు రబ్బరు బ్యాండు ఇయ్యిండ్రి, అప్పుడు అందరి చేతిల ఉన్న శక్తి ఒక్కటే అయితది. కారును అక్కడ్నే, కండ్ల ముంగట చేపియ్యుండ్రి. సగం మార్కులు నోటుబుక్కుకు ఇయ్యిండ్రి: ఏది ఫెయిలయింది, ఎందుకయింది, ఏం మార్సిండ్రు. కిట్టు కార్లకు వేరే పందెం పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఆ పిల్ల ఓడిపోయిన కారును సంకల పెట్టుకోని తార్నాక బస్టాపుకు నడిసి పోయింది. వచ్చేయేడు మల్ల వస్తదా రాదా అన్నది మనం పెట్టే రూల్సు మీదనే ఉన్నది.