మా ఊరి డాక్టరుకి నంబరుందా?

మా డోంగ్లిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే. మా అవ్వ కూడా అంతే. మోకాళ్ల నొప్పులకి ఆయన సూది వేస్తే రెండు వారాలు హాయిగా నడిచేది. "గోళీలు రాసిచ్చేటోడు డాక్టరేంది బిడ్డా, సూదేసేటోడే డాక్టరు" అనేది. రెండేళ్లకి షుగర్ అదుపు తప్పింది. టౌన్‌లో చూపిస్తే ఆ సూదుల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటుందన్నారు. అవునో కాదో తేల్చుకుందామంటే మా దగ్గర చీటీ లేదు.

అయితే నిజం చెప్పాలి. నా చిన్నప్పుడు ఒక అర్ధరాత్రి వాంతులు, విరేచనాలతో పడిపోతే బండేసుకొని వచ్చి సెలైన్ పెట్టింది కూడా ఆయనే. అందుకే 'నకిలీ డాక్టర్లపై మెడికల్ కౌన్సిల్ దాడులు' అని పేపర్లో చూసినప్పుడల్లా నాకు సంతోషం, భయం రెండూ కలుగుతాయి.

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. రిజిస్టర్‌లో పేరు లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 లోని 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. తమాషా ఏంటంటే, ఆర్‌ఎంపీ అంటే అసలు అర్థం 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్', అంటే కౌన్సిల్‌లో పేరున్న డాక్టరు. ఆ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లకే మన ఊళ్లు ఆ పేరు పెట్టుకున్నాయి!

దాడులు ఆగాలని నేను అనను. కానీ షాపు మూతపడ్డ రాత్రి జ్వరమొస్తే ఎక్కడికి పోవాలో చెప్పకుండా తాళం వేసి వెళ్లిపోతే జనం ఇంకో తలుపు వెతుక్కుంటారు. సర్కారు దవాఖానాలో రాత్రిపూట డాక్టరు ఉండాలి. అది కౌన్సిల్ పని కాదు, ప్రభుత్వం పని. రెండూ కలిసి నడవాలి.

ఇంతకీ కౌన్సిల్ అసలు పని దాడులు కాదు. రిజిస్టర్‌లో ఉన్న డాక్టర్లు పద్ధతిగా ఉన్నారా లేదా చూడడం, తప్పు తేలితే హెచ్చరించడం, పేరును కొంతకాలమో శాశ్వతంగానో తీసేయడం. డబ్బు పరిహారం ఇప్పించడం దాని చేతిలో లేదు, దానికి వినియోగదారుల కమిషన్ ఉంది. డాక్టర్ల నడవడికకు 2002లో రాసిన నియమాలున్నాయి. చీటీ మీద, రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులు మూడేళ్లు దాచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

ఈ 72 గంటల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అవ్వని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చినప్పుడు బాపు కేస్ షీట్ అడిగితే కౌంటర్‌లో "రూల్స్ ఒప్పుకోవు" అన్నారు. రూల్ సరిగ్గా దానికి తలకిందులుగా ఉంది. బాపు చేతులు కట్టుకొని వచ్చేశాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, నాకూ తెలీదు.

తెలిసినా ఏం చేసేవాళ్లం? కౌన్సిల్ ఉండేది హైదరాబాద్‌లో, మాకు నూట యాభై కిలోమీటర్ల పైనే. పైగా మాది సరిహద్దు. సగం మంది దెగ్లూర్ పోయి చూపించుకుంటారు, కొందరు బీదర్ పోతారు. అక్కడి డాక్టరు మీద ఫిర్యాదంటే మహారాష్ట్ర, కర్ణాటక కౌన్సిళ్లకి. రోగికి సరిహద్దు కనపడదు, ఫిర్యాదుకి మాత్రం కనపడుతుంది.

ఇంకో చిక్కు. 2019 చట్టంలోని 30వ సెక్షన్‌లో, రాష్ట్ర కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే ఢిల్లీకి అప్పీలు చేసుకునే హక్కు డాక్టరుకే రాసిపెట్టారు. రోగి మాట అందులో లేదు. ఆటలో రెండు జట్లుండి రివ్యూ ఒక్క జట్టుకే ఇచ్చినట్టుంది.

డాక్టర్ల వైపు మాట కూడా వినాలి. ప్రాణం పోయిన ప్రతిసారీ తప్పు జరిగినట్టు కాదు. ఆ తేడా చెప్పగలిగేది ఇంకో డాక్టరే. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు కూడా, క్రిమినల్ కేసు పెట్టేముందు తటస్థంగా ఉండే వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలంది. అద్దాలు పగలగొట్టడం కన్నా కౌన్సిల్‌కి కాగితం రాయడమే న్యాయం. కానీ ఆ కాగితం ఎక్కడికి పోయిందో తెలియాలి కదా! ఫిర్యాదుని ఆరు నెలల్లో తేల్చాలని 2002 నియమాల్లోనే ఉంది.

మన సంగతి చూడండి. ఇంజనీరు కట్టిన వంతెన కూలితే రిజిస్టర్‌లోంచి పేరు కొట్టేయడానికి మనకి అలాంటి కౌన్సిలే లేదు. డాక్టర్లకి ఉంది. ఉన్నదాన్ని మూడు పనులతో బాగుచేయొచ్చు. తెలుగులో ఫిర్యాదు ఫారం, అది ఏ దశలో ఉందో ఫోన్లో చూసుకునే వీలు. జిల్లా కేంద్రంలో అప్పుడప్పుడు విచారణ. రోగికీ అప్పీలు హక్కు. మొదటిది చేయడానికి మన క్లాసులో నలుగురు చాలు.

ఈ సెలవుల్లో ఇంటికెళ్తే ఇంట్లో ఉన్న మందుల చీటీలు తీసి చూడండి. డాక్టరు పేరు కింద నంబరుందా? ఉంటే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకండి. లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు మర్యాదగా అడగండి. మా అవ్వ అడగడం మొదలుపెట్టింది. చదువు రాదు కాబట్టి చీటీ నాకు వాట్సాప్‌లో పంపిస్తుంది, "నంబరుందా సూడు బిడ్డా" అని.