ప్రోగ్రాం ఎవరి దగ్గర ఉంది?

రావులపాలెం అరటి మార్కెట్ చుట్టుపక్కల గెలలు మగ్గబెట్టే గదులు కట్టించుకునేవారు గానీ, మండపేట, అనపర్తి వైపు పాత బియ్యం మిల్లులో కొత్త యంత్రాలు దింపుకునేవారు గానీ, కంట్రోల్ ప్యానెల్ దగ్గరకు వచ్చేసరికి మూడే ప్రశ్నలు అడుగుతారు. ఏ కంపెనీది? తెర ఎన్ని అంగుళాలు? ఫోన్లో కనపడుతుందా? వీటికి గట్టి జవాబు దొరికితే బేరం కుదిరినట్టే. పేరున్న విదేశీ కంపెనీ పీఎల్‌సీ, అంటే ప్రోగ్రాం ప్రకారం యంత్రాలను నడిపే కంట్రోలర్, దాని పక్కన పది అంగుళాల టచ్ ప్యానెల్ పెట్టేస్తే ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదన్న అభిప్రాయం యజమానుల్లో, యంత్రాలు అమ్మేవారిలో, బ్యాంకు లోనుకు ప్రాజెక్టు రిపోర్టులు రాసేవారిలో బాగా పాతుకుపోయింది. ఇది తప్పుడు అభిప్రాయం. దీన్ని నమ్మి చిన్న పరిశ్రమ పెట్టుకున్నవాళ్లు సొంత డబ్బు పోసి పరాధీనులవుతున్నారు. కంట్రోలర్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న కంపెనీ గురించి కాదు, తెర గురించి అసలే కాదు. అందులో నడిచే ప్రోగ్రాం రేపు ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని తెరిచి సరిచేయగల మనిషి ఎంత దూరంలో ఉంటాడు? ఇది తేలాకే మిగతావి.

అరటినే తీసుకుందాం. కార్బైడ్‌తో పళ్లు మగ్గబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. 2015లో హైదరాబాద్ హైకోర్టు ఈ వ్యవహారాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2016లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకోవచ్చని అనుమతించింది. ఆ దారిలోనే పొగ పెట్టే కొట్ల స్థానంలో చల్లటి మగ్గబెట్టే గదులు వస్తున్నాయి. ఈ గదిలో పని బయటినుంచి చూస్తే తేలిక, లోపల చాలా సున్నితం. కాయ గుజ్జు ఉష్ణోగ్రత 16 నుంచి 18 డిగ్రీల మధ్య నిలవాలి. గాలిలో తేమ 90 శాతానికి తగ్గకూడదు. ఎథిలీన్ ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు అందాలి. మగ్గడం మొదలైన కాయ తనంతట తాను వేడి పుట్టిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు గదిలో 1 శాతం దాటితే మగ్గడం మందగిస్తుంది, అందుకని ఫ్యాన్లు తిరిగి లోపలి గాలిని బయటికి పంపాలి. వేడి హద్దు మీరితే తొక్కకు సరైన రంగు రాకముందే గుజ్జు మెత్తబడిపోతుంది. 13 డిగ్రీల కిందికి పడితే తొక్క మసకబారి సరుకు ధర పడిపోతుంది. ఎప్పుడు కంప్రెసర్ తిరగాలో, ఎప్పుడు వాల్వు తెరవాలో, ఎప్పుడు ఫ్యాన్ ఆగాలో ఈ లెక్కంతా ప్రోగ్రాంలోనే ఉంటుంది. కంట్రోలర్ ఆగితే కాయ మాత్రం ఆగదు.

ఒక రాత్రి పిడుగు పడి కంట్రోలర్ కాలిపోయిందనుకోండి. అదే మోడల్ కొత్తది రాజమండ్రిలోనో విజయవాడలోనో దొరకవచ్చు, మర్నాటికి బస్సులో తెప్పించుకోవచ్చు. కానీ ఆ కొత్త డబ్బా ఖాళీది. అందులోకి ఎక్కించాల్సిన ప్రోగ్రాం గది కట్టిన సంస్థ ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లి ఉంటే? సంస్థ మూతపడి ఉంటే? కంట్రోలర్ చెడకుండా ఒక్క టైమర్ విలువ మార్చాల్సి వచ్చినా ఇదే చిక్కు, ఎందుకంటే లోపలి ప్రోగ్రాంకు పాస్‌వర్డ్ వేసి ఉంటుంది. పాస్‌వర్డ్ లేకపోయినా చాలా చిన్న కంట్రోలర్లలో నుంచి ప్రోగ్రాం వెనక్కి తీస్తే రాసినవాడు పెట్టుకున్న వివరణలు రావు, ఏ అంకె ఏ మోటారుదో తెలియని గీతలే వస్తాయి. టచ్ ప్యానెల్ పరిస్థితి ఇంకా కష్టం. అందులో ఉండేది నడవడానికి తయారుచేసిన ఫైలు మాత్రమే. మార్పులు చేసుకోవడానికి వీలైన అసలు ప్రాజెక్టు ఫైలు చాలావాటిలో తిరిగి రాదు. అర ఎకరం కొబ్బరితోట కొనాలంటే లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా సంతకం పెట్టని మనిషి, లక్షలు పోసి కట్టించుకున్న గదికి బుర్రలాంటి ఈ ఫైలు చేతికి తీసుకోకుండానే చివరి చెక్కు ఇచ్చేస్తున్నాడు. ఇది అజాగ్రత్త కాదు. అడగాలని చెప్పినవాళ్లు లేకపోవడం.

"ఫైలిచ్చినా మా ఎలక్ట్రీషియన్ ఏం చేసుకుంటాడు?" అన్నది వెంటనే వచ్చే అభ్యంతరం. పీఎల్‌సీ పుట్టిందే ఎలక్ట్రీషియన్ కోసం. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం కార్ల మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్లు విప్పి మళ్లీ వైరింగ్ చేసుకోలేక, రిలేల బదులు పనిచేసే పరికరం కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌లో తయారుచేసిన మోడికాన్ 084 దానికి జవాబు. ఆ సంస్థ చేపట్టిన 84వ పని కాబట్టి ఆ పేరు. ప్రోగ్రాంను నిచ్చెన మెట్లలాంటి గీతల్లో, అంటే ల్యాడర్‌లో, రాసే పద్ధతి నిలదొక్కుకోవడానికి కారణం ఒక్కటే: ఎన్‌ఓ, ఎన్‌సీ కాంటాక్టులు, కాయిల్ గుర్తులు తెలిసిన మెయింటెనెన్స్ మనిషి కంప్యూటర్ చదువు లేకుండా దాన్ని చదివి మార్చగలగాలి. స్టార్-డెల్టా స్టార్టర్ కంట్రోల్ వైరింగ్ విప్పి మళ్లీ కట్టగల మనిషి మన ప్రాంతంలో ప్రతి మిల్లుకూ ఒకరున్నారు. వివరణలు తెలుగులో రాసిన ల్యాడర్ ప్రోగ్రాం ముందుపెడితే కొద్ది వారాల్లో అతను ఏ ఇన్‌పుట్ రాక ఏ మోటారు ఆగిందో పట్టుకోగలడు. అతనివల్ల కాకపోతే పాలిటెక్నిక్ చదివిన కుర్రాడివల్ల అవుతుంది. ఫైలు మన చేతిలో ఉంటే ఎవరినైనా పిలుచుకోవచ్చు, లేకపోతే ఒక్కరినే బతిమాలుకోవాలి. ఈ కంట్రోలర్లకు ప్రోగ్రాం రాసే భాషలకు 1993లోనే ఐఈసీ 61131-3 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అయినా ఒక కంపెనీ ఫైలు ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెరుచుకోదు. కంపెనీని ఒకసారి ఎంచుకుంటే ఏళ్ల తరబడి దానితోనే కాపురం. అందుకే ఈ ప్రశ్నను మొదటి రోజునే వేయాలంటున్నాను.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. పేరున్న కంపెనీ సరుకు చెడిపోదు గదా, చెడిపోనిదానికి ఇంత హైరానా ఎందుకు అంటారు. మంచి కంపెనీల కంట్రోలర్లు నిజంగానే తేలిగ్గా చెడవు, ఒప్పుకుంటాను. కానీ మిల్లు ఆగేది చాలావరకు కంట్రోలర్ చెడి కాదు. పవర్ సప్లై పోయి, సెన్సర్ మీద ఊక దుమ్ము పట్టి, టెర్మినల్ వదులై, అవుట్‌పుట్ రిలే కాంటాక్టులు కాలి ఆగుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ప్యానెల్ తలుపు మీది పేరును చూసి తగ్గదు. కంట్రోలర్లు ఎక్కువగా 55 డిగ్రీల వరకు, టచ్ ప్యానెళ్లు ఎక్కువగా 50 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారవుతాయి. మే నెలలో, దాళ్వా ధాన్యం మిల్లులోకి పోటెత్తే రోజుల్లో, బయట 40 దాటిన ఎండకు బాయిలర్ పక్కన గోడకున్న ఇనప పెట్టె లోపల ఎంత ఉంటుందో ఎవరైనా థర్మామీటర్ పెట్టి చూడవచ్చు. పెట్టెకు మంచి ఫిల్టర్, ఫ్యాన్, సర్జ్ ప్రొటెక్షన్, రెండు స్పేర్ రిలేలు, ఒక స్పేర్ పవర్ సప్లై పెట్టుకోవడానికయ్యే ఖర్చు తెరను ఏడు అంగుళాల నుంచి పదికి పెంచే ఖర్చుతో పోల్చుకోండి. మగ్గబెట్టే గదిలోనైతే ఆ డబ్బు సెన్సర్ల మీద పెట్టాలి. ఎథిలీన్ సెన్సర్ రెండు మూడేళ్లకు నీరసించి తప్పు అంకె చూపిస్తుంటే, ఎంత అందమైన తెరయినా ఆ తప్పునే పెద్దక్షరాల్లో చూపిస్తుంది.

పెద్ద కంపెనీలన్నీ వద్దని నేననడం లేదు. రాజమండ్రి కాగితం మిల్లు లాంటి పెద్ద కర్మాగారానికి వాటి వ్యవస్థలే తగినవి. ఇరవైనాలుగు గంటలూ సొంత ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, స్పేర్ల గోదాము ఉన్నచోట లెక్క వేరు. పాతిక మోటార్ల మిల్లుకు, నాలుగు గదుల అరటి వ్యాపారికి ఆ లెక్క అంటగట్టడమే పొరపాటు. సీమెన్స్ టీఐఏ పోర్టల్‌కు, రాక్‌వెల్ స్టూడియో 5000కు లైసెన్స్ కొనాలి. చిన్న కంట్రోలర్లకు డెల్టా లాంటి తైవాన్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చే స్థానిక టెక్నీషియన్ ఏది తెరవగలడన్నది ఇక్కడే తేలిపోతుంది. పైగా మిల్లులో ఒక్క కంట్రోలర్‌తో అయిపోదు. డ్రయ్యర్‌కు ఒకటి, బాయిలర్‌కు ఒకటి, సార్టెక్స్‌కు దానిదే. 2021 ఆగస్టు 15న ప్రధాని పోషక బియ్యం పంపిణీని ప్రకటించాక 100 కిలోలకు 1 కిలో పోషక గింజలు కలిపే బ్లెండర్లు వచ్చాయి. యంత్రానికో కంపెనీ, కంపెనీకో తాళం. ప్రభుత్వ ధాన్యం ఆడే మిల్లు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యమో 68 కిలోల ఉప్పుడు బియ్యమో గడువులోగా అప్పగించాలి. ఎవరి ఇంజనీరు ఎప్పుడొస్తాడో తెలియక ఆగిన రోజులను ఆ గడువు లెక్కలోంచి ఎవరూ తీసేయరు.

ఇక తెర. బటన్లన్నీ తీసేసి అంతా టచ్‌లోకి మార్చడమే ఆధునికత అన్న మాటను నేను పూర్తిగా కాదంటాను. తడి చేతికి, గ్లోవ్స్ వేసుకున్న చేతికి ఫోన్ తరహా కెపాసిటివ్ తెర సరిగా పలకదు. ఇలాంటి చోట్లకు నొక్కితే పనిచేసే రెసిస్టివ్ తెరే నయం. ఎమర్జెన్సీ స్టాప్ పసుపు రంగు మీద ఎర్రటి బటన్‌గా ఉండాలని యంత్రాల విద్యుత్ భద్రత ప్రమాణం ఐఈసీ 60204-1 చెబుతోంది. తెర మీద గీసిన ఎర్ర గుండ్రం దానికి సాటి రాదు. ఎలివేటర్ బెల్టులో చెయ్యి చిక్కుకున్న మనిషి కోసం పక్కవాడు పేజీలు తిప్పుతూ స్టాప్ వెతుక్కోకూడదు. అలాగే ప్రతి ముఖ్యమైన మోటారుకూ మాన్యువల్-ఆటో స్విచ్ తలుపు మీదే ఉండాలి. కంట్రోలర్ చచ్చిపోయినా మగ్గబెట్టే గదిలో కనీసం గాలి ఫ్యాన్, కంప్రెసర్ చేత్తో తిప్పుకోగలగాలి, ఎథిలీన్ వాల్వు కరెంటు పోతే తనంతట మూసుకునే రకమై ఉండాలి. భాష సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి "లో సక్షన్ ప్రెజర్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చే అలారం ఎర్రటి వెలుగు మాత్రమే, సమాచారం కాదు. కొన్ని ప్యానెళ్లలో తెలుగు రాస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. కొనేముందు "ఉష్ణోగ్రత ఎక్కువైంది" అన్న వాక్యం ఆ తెర మీద రాయించి చూడండి. సరిగా రాకపోతే ఇంకో ప్యానెల్ చూడండి.

ఫోన్లో కనపడటం మంచిదే, చూడటం వరకు. ఫోన్ నుంచి నడపడం వేరే విషయం. 2023 నవంబరులో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలిక్విపా పట్టణ నీటి సంస్థలో, తెరా కంట్రోలరూ ఒకే డబ్బాలో ఉండే యూనిట్రానిక్స్ పరికరాన్ని ఎక్కడినుంచో హ్యాకర్లు పట్టుకున్నారు. ఇలాంటి దాడులకు గురైన పరికరాలు నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నాయి, కంపెనీ పెట్టి పంపిన 1111 పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవి వాటిలో ఉన్నాయి. అలిక్విపా సిబ్బంది వెంటనే పంపులను మాన్యువల్‌లోకి మార్చి పని నడిపించారు. చేత్తో నడిపే ఏర్పాటు తీసేసి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు.

యంత్రాలు సరఫరా చేసేవారి వాదన కూడా వినాలి. ప్రోగ్రాం మా కష్టం, ఇచ్చేస్తే పక్కవాడు కాపీ కొడతాడు, పైగా తెలియనివాళ్లు వేలు పెట్టి చెడగొట్టి మా మీదకు వస్తారు అంటారు. ఇందులో న్యాయం ఉంది. తాము ఏళ్ల తరబడి తయారుచేసుకున్న ప్రత్యేకమైన బ్లాకులను మూసి ఉంచుకోనివ్వండి, పాస్‌వర్డ్ వేసిన బ్లాకులు కూడా ఫైలుతో పాటే కొత్త కంట్రోలర్‌లోకి ఎక్కుతాయి. మిగతాది, అంటే ఈ గదికి, ఈ మిల్లుకు రాసిన భాగం, డబ్బిచ్చి రాయించుకున్నవాడిదే. వేలు పెట్టి చెడగొడతారన్న భయానికి ఆపరేటర్‌కు ఒక స్థాయి, యజమానికి ఒక స్థాయి పాస్‌వర్డ్ ఉంటే చాలు. మార్పు చేసిన తేదీ, చేసినవాడి సంతకం ఒక రిజిస్టరులో ఉంటే వారంటీ తగవూ తేలుతుంది. దీనికి అదనంగా ఖర్చు అడిగితే ఇవ్వండి. అది న్యాయమైన ఖర్చు. అసలు ఇవ్వబోమంటే వేరే సంస్థను చూసుకోండి.

మాట మీద వదిలేయకుండా ఇవన్నీ ఆర్డరులోనే రాయించాలి. వివరణలతో కూడిన పీఎల్‌సీ ప్రోగ్రాం, టచ్ ప్యానెల్ అసలు ప్రాజెక్టు ఫైలు, పాస్‌వర్డులు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక, వైరింగ్ డ్రాయింగ్, మోటార్ల వేగం మార్చే వీఎఫ్‌డీలలో పెట్టిన సెట్టింగులు రెండు పెన్‌డ్రైవుల్లో చేతికి రావాలి. ఇచ్చిన ఫైలు సరైనదేనా అన్నది చూస్తే తెలియదు. అప్పగింత రోజున ఒక కొత్త ఖాళీ కంట్రోలర్ తెప్పించి, సరఫరాదారు మనిషి ముందే మన ఎలక్ట్రీషియన్ చేత ఆ పెన్‌డ్రైవు లోంచి ప్రోగ్రాం ఎక్కించాలి, పాతదాని స్థానంలో పెట్టి గదిని ఒక పూట నడపాలి. ఆ కొత్త కంట్రోలర్‌నే స్పేర్‌గా బీరువాలో పెట్టుకోవచ్చు. ఊళ్లో పదిమంది వర్తకులు, లేదా మిల్లర్ల సంఘం వాళ్లు, మాట్లాడుకుని ఒకే సిరీస్ కంట్రోలర్లు తీసుకుంటే స్పేర్ ఒక్కటి పదిమందికీ పనికొస్తుంది, టెక్నీషియన్‌కూ చేతినిండా పని దొరికి ఇక్కడే నిలబడతాడు. ఆఖరి వాయిదా చెక్కు మాత్రం ఆ ఖాళీ కంట్రోలర్ గదిని నడిపించాకే ఇవ్వాలి.