లెక్కలో మేక ఉంది, మనిషేడీ?

నీలగిరి తార్ అనే కొండమేక తమిళనాడు, కేరళల పడమటి కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. తమిళంలో దాని పేరు వరయాడు. కొండచరియల మేక అని. 2025 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలూ కలిసి లెక్కపెట్టాయి. కేరళలో 1,365, తమిళనాడులో 1,303, మొత్తం 2,668. మంచి పనే. మేం కాదనం.

లెక్క ఎలా కడతారో చూడండి. ఒకే దారిలో ఇద్దరు కొంత ఎడంతో నడిచి, ఎవరికి కనబడ్డవి వాళ్ళు రాసుకుంటారు. ఇద్దరికీ కనబడ్డవెన్ని, ఒక్కరికే కనబడ్డవెన్ని అని పోల్చి, ఎవరి కంటా పడనివి ఎన్ని ఉంటాయో అంచనా వేస్తారు. అంటే కనబడని మేకకూ లెక్కలో చోటుంది. ముందు నడిచి దారి చూపిన ఆదివాసీకి? మా కంటబడిన వార్తల్లో మంత్రులున్నారు, అధికారులున్నారు. అతని పేరు లేదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 2025 లెక్కలో 841 మేకలు తేలిన ఎరవికులం ఒకప్పుడు తేయాకు దొరల వేటభూమి. అప్పుడూ వేటకు దారి చూపింది ముతువాన్లే, ఇప్పుడు కాపలా కాస్తున్నదీ వాళ్ళే. దొర పోయి ఆఫీసరు వచ్చాడు, అంతే.

పైగా అడవిని పాడుచేసేది మనమేనని పాఠం! ఈ మేక బతికేది గడ్డి కొండల మీద. నీలగిరుల్లో తోడాల బర్రెలు మేసిన ఆ గడ్డినేలను తెల్లదొరలు బీడు అన్నారు. వాళ్ళూ, తర్వాత మన సర్కారూ అక్కడ వాటిల్, యూకలిప్టస్, పైన్ నాటించారు. మేకకు మేత పోయింది, తోడాకు బీడు పోయింది. తమిళనాడు 2022లో 25 కోట్లకు పైగా ఖర్చుతో పెట్టిన పథకంలో ఆ గడ్డిని తిరిగి పెంచటం కూడా ఉంది. నాటించినవాళ్ళను ఎవరడిగారు?

మన నల్లమలలోనూ అంతే. పులి అడుగుజాడ చదివే చెంచును వాచర్ అంటారు. జాడ చదవటం చదువు కాదట!

2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి మేం అడిగేది దయ కాదు. లెక్క పుస్తకంలో నడిచినవాళ్ళ పేర్లు ఉండాలి. ఆ పుస్తకం ఒక ప్రతి మన భాషలో గ్రామసభకు రావాలి. జాడ తెలిసినవాడికి పర్మినెంటు ఉద్యోగం ఇవ్వాలి. టీచర్లూ, మీ బడి వెనకాల కొండ మీద ఏ జంతువులు తిరుగుతున్నాయో పిల్లల చేత ఈ ఏడే రాయించండి. పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళండి, వాళ్ళ పేర్లు మొదటి పేజీలో పెట్టండి.