ఇంటి యజమాని ఎవరు?

చాలా ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక బస్తీకి, పట్టాల కోసం దరఖాస్తులు నింపడానికి మేం కొందరు స్త్రీలం వెళ్లాం. చెట్టు కింద చాప పరుచుకుని సాయంత్రం దాకా నింపుతూనే ఉన్నాం. నేనొక్కదాన్నే నలభై ఫారాలు నింపి ఉంటాను. ఆ ఫారంలో ‘కుటుంబ యజమాని’ అని ఒక గడి ఉంది. నా ఎదురుగా కూర్చున్నది ఆడమనిషి. గుడిసె వేసింది ఆమె. ఇళ్లలో పాచిపని చేసి, చీటీ ఎత్తి పైన రేకులు వేయించింది ఆమె. నేను మాత్రం “మీ ఆయన పేరేంటమ్మా?” అని అడిగి ఆ గడిలో అతని పేరు రాశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. స్త్రీల హక్కుల గురించి మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడే నా చెయ్యి, అలవాటుకొద్దీ రాసుకుంటూ పోయింది.

వాళ్లలో ఒకామె ఆరేళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది. భర్త ఎప్పుడో ఇంకొకామెతో వెళ్లిపోయాడు. పట్టా వచ్చిందని తెలిసి తిరిగొచ్చి, నోటరీ కాగితం మీద ఇల్లు ఎవరికో రాసిచ్చి డబ్బు పట్టుకుపోయాడు. పట్టా స్థలం అమ్మకూడదని షరతు ఉంది, కాబట్టి ఆ అమ్మకం చెల్లదని మేం వాదించాం. చెల్లదు, నిజమే. కానీ కొన్నవాడు రోజూ మనుషుల్ని వెంటేసుకొచ్చి గుమ్మంలో నిలబడుతుంటే ఒంటరి ఆడమనిషి ఎన్నాళ్లు వాదిస్తుంది? ఉన్న రెండు గదుల్లో ఒకటి వదులుకుని రాజీపడింది. ఆ ఫారం మీద దస్తూరీ నాదేనని ఆమెకు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బస్తీల అభివృద్ధి అనగానే మనకు సిమెంటు రోడ్డు, నల్లా, మోరీ, వీధిదీపం గుర్తుకొస్తాయి. (ప్రభుత్వ కాగితాల్లో ‘మురికివాడ’ అంటారు. అక్కడుండే వాళ్లెవరూ ఆ మాట అనగా నేను వినలేదు. మురికి ఎత్తడానికి మునిసిపాలిటీ రాకపోతే ఆ పేరు వాళ్లకెందుకు పెట్టాలో నాకిప్పటికీ అర్థం కాదు.) రోడ్డూ, నల్లా చిన్న విషయాలేం కావు. తెల్లవారకముందే లేచి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టేదీ, మరుగుదొడ్డి లేక చీకటి పడేదాకా ఆపుకునేదీ స్త్రీలే. 1967లో హైదరాబాద్‌లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి కార్యక్రమం, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన బస్తీల అభివృద్ధి పథకం ఎన్నో బస్తీలకు ఈ సౌకర్యాలు తెచ్చాయి. అయితే పేరు మీద కాగితం లేని చోటికి నల్లా వస్తే ముందు పెరిగేది అద్దె. ఆ అద్దె కట్టలేక సామాను సర్దుకునేది కూడా ఎక్కువగా ఒంటరి స్త్రీలే.

2011 జనాభా లెక్కల్లో దేశంలోని ఇలాంటి బస్తీల జనాభా సుమారు ఆరున్నర కోట్లు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోటికి పైగా ఉన్నారు. ఇంతమంది నివాసానికి చట్టం ఏం భరోసా ఇస్తుంది? 1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల కేసులో, అదే ఓల్గా టెల్లిస్ కేసులో, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పును మనం ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. నోటీసిచ్చి, వానాకాలం పోయాక వాళ్లను ఖాళీ చేయించవచ్చని కూడా ఆ తీర్పే చెప్పింది. ఆ సంగతి మాత్రం మన కరపత్రాల్లో కనబడదు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూలిపోయాయి. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్లిచ్చి పంపారు. బడి సంవత్సరం మధ్యలో పిల్లల్నీ, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న పాచిపనినీ వెంట తీసుకెళ్లడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

ఇక పట్టాల సంగతి. తెలంగాణలో 2014 డిసెంబరు 30న వచ్చిన 58వ నంబరు జీవో, అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో 2014 జూన్ 2 నాటికి ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేస్తామంది. మంచిదే. నాలా పక్కన, చెరువు కట్ట కింద ఉన్నవాళ్లు ‘అభ్యంతరం’ కిందికి వస్తారు, వాళ్లే అందరికంటే పేదవాళ్లు. పోనీ అర్హత ఉన్నవాళ్లనే చూద్దాం. అక్కడ ఉంటున్నట్టు రుజువుగా అడిగేవి కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటిపన్ను రసీదు. అవి ఎవరి పేరు మీద ఉంటాయి? మీటరు పెట్టించిన రోజు ఆఫీసుకి వెళ్లింది ఎవరు? పట్టా రోజున మొదలైన అన్యాయం కాదిది, మీటరు రోజునే మొదలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న ముప్ఫై లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పంపిణీ మొదలుపెట్టారు. పట్టాలన్నీ స్త్రీల పేరు మీదే. దీన్ని తక్కువ చేయను, ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నదే కదా. కానీ పట్టణాల్లో ఇచ్చింది ఒక్క సెంటు, అంటే 48 గజాలు. అదీ చాలాచోట్ల ఊరికి దూరంగా. ఆటోకే సగం కూలి పోయే చోట పట్టా ఉన్నా, ఆమె ఊళ్లో అద్దె గదిలోనే ఉండాల్సి వస్తుంది.

నాకు నచ్చింది ఒడిశా పద్ధతి. అక్కడ 2017లో బస్తీవాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. దాన్ని అమలు చేసే పథకం పేరు ‘జాగా’. మన బస్తీల్లోనూ అదే మాట వాడతాం. మొదట చిన్న పట్టణాలకే పరిమితమైన ఆ చట్టం, ఉన్నచోటే హక్కు ఇస్తుంది. వారసత్వంగా వస్తుంది, ఇంటి అప్పు కోసం తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మడానికి లేదు. పెళ్లయిన వాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరునా రాస్తారు. డ్రోన్లతో పటాలు గీశాక, బస్తీవాసుల సంఘాలను కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ సరిచూశారు. గీత ఎక్కడ పడాలో చెప్పే అవకాశం అక్కడి మనుషులకే దొరికింది. లోపాలు దానికీ ఉన్నాయి. ఇంట్లో అద్దెకుంటున్న వాళ్ల సంగతి తేల్చడం ఏ చట్టానికైనా కష్టమే. మొగుడు వదిలేసి వేరే కాపురం పెట్టినా కాగితంలో అతని పేరు ఉండిపోతే ఏం చేయాలన్నది మనం ఇంకా గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

ఈ సంచిక చదివే మీలో చాలామంది బస్తీల్లో పనిచేస్తున్నవాళ్లే. సర్వే ఎప్పుడొస్తుందో మనకెవరూ ముందుగా చెప్పరు. అందుకని ఒక చిన్న పని పెట్టుకుందామా? మీ బస్తీలో ఒక వీధి తీసుకోండి. ఎన్ని కరెంటు మీటర్లు స్త్రీల పేరు మీద ఉన్నాయో లెక్కపెట్టండి. ఇంటిపన్ను రసీదూ, రేషన్ కార్డూ కూడా చూడండి. పేరు మార్పించుకోవాలంటే మీ ఊరి ఆఫీసులో ఏమేం కాగితాలు అడుగుతున్నారో, అందులో భర్త సంతకం కావాలంటున్నారో లేదో రాసుకోండి. వచ్చే సంచికకు అవన్నీ మాకు పంపితే అచ్చేస్తాం. నేను ఇప్పటికి మూడు వీధులు చూశాను. తొంభై ఒక్క మీటర్లలో స్త్రీల పేరున ఉన్నవి పదకొండు, అందులో ఏడు భర్త చనిపోయాక మారినవి.