సైకిలు పోయిన మూడ్రోజులు

"సినిమా పత్రికలో సైకిలు గోలేంటి గురూ?" అని పేజీ తిప్పేయకండి. చివరికి సినిమాలోకే వస్తాం!

మాది కర్నూలు సి క్యాంపు. ఆంధ్రరాష్ట్రానికి మా ఊరు రాజధానిగా వెలిగిన 1953-56 నాటి పేరది. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సేమో పాతబస్తీలో. కథలూ కాలమ్సూ కడుపు నింపవు కదా!

రోజూ ఎనిమిదింటికి సైకిలు బయటికి తీస్తాను. సీటు మీద ఒక్క దెబ్బ వేసి దుమ్ము దులపడం, టైరు నొక్కి చూడటం, మలుపులో షాపాయన దగ్గర గాలి కొట్టించడం... ఇదే నా సుప్రభాతం. ఆపైన రాజ్‌విహార్ సెంటరు, తర్వాత కొండారెడ్డి బురుజు. 2003లో 'ఒక్కడు' చూసినవాళ్లకి ఆ బురుజు గురించి చెప్పక్కర్లేదు. అక్కడ మహేష్‌బాబు ప్రకాష్‌రాజ్‌ని కొట్టాడు, నేను బెల్లు కొడతాను. అంతే తేడా!

ఆ సైకిలు నాన్నది. జిన్నింగు మిల్లుకు ఇరవయ్యేళ్లు తొక్కాడు. చైన్‌గార్డు మీద ఆయన పేరు ఇప్పటికీ తెల్ల పెయింటుతో ఉంది. "కంతుల మీద బండి తీసుకోరాదా?" అంటారు స్నేహితులు. నవ్వి ఊరుకుంటాను. కంతులెవరు కట్టాలి?

పోయిన వేసవిలో ఒక రాత్రి సెకండ్ షో చూసి బయటికొస్తే సైకిలు లేదు! నడిచి ఇల్లు చేరాను. నాన్నతో చెప్పే ధైర్యం చాలక, "రిపేరుకిచ్చాను" అనేశాను.

మర్నాడు నలభై డిగ్రీల ఎండలో నడక. ప్రెస్సుకు గంట ఆలస్యం. నాకివ్వాల్సిన ఫారాలు అప్పటికే ఇంకొకరి బల్ల మీదున్నాయి. ఆ రోజు కూలి పోయింది.

రెండోరోజు బురుజు దగ్గర టీకొట్టు ముందు ఒక సైకిలు... తాళం లేదు. నా చెయ్యి హాండిలు మీద పడింది. నాది కాదని తెలుసు. ఎవరూ చూడటంలేదనీ తెలుసు. నిజం చెబుతున్నాను, చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది 'బైసికిల్ థీవ్స్'. 1948లో ఇటలీలో విట్టోరియో డి సికా తీసిన సినిమా. హీరో ఉద్యోగం గోడలకు పోస్టర్లు అంటించడం. సైకిలుంటేనే ఆ ఉద్యోగం. మొదటిరోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. ఊరంతా వెతికి విసిగిపోయి, చివరికి తనే ఒక సైకిలు దొంగిలించబోయి కొడుకు కళ్లముందే దొరికిపోతాడు. ఆ వేషం వేసింది స్టారు కాదు, నిజంగా ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆయన మొహం కళ్లముందు మెదిలింది. చెయ్యి తీసేశాను.

మూడోరోజు తెల్లవారుజామున తలుపు చప్పుడు. ఎదురుగా పోస్టర్లంటించే అన్న, జిగురు బకెట్టు, పక్కన నా సైకిలు!

"కె.సి. కాలువ గట్టున చైను తెగి పడుండాది. మీ నాయన పేరు చూసి తెచ్చినా. రెండ్రోజుల్నుంచీ షాపాయనతో చెప్పి వెతికిస్తాండాడు కదప్పా!"

వెనక్కి తిరిగాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రిపేరు అయిపోయిందా?" అన్నాడంతే.

ఆ ఉదయం సీటు దులిపింది నాన్న. గాలి కొట్టించింది నేను. రోమ్‌లో పోస్టర్లంటించేవాడికి దొరకని సైకిలు, కర్నూల్లో పోస్టర్లంటించేవాడి చేతుల మీదుగా నాకు దొరికింది.

ఈసారి గోడమీద కొత్త పోస్టరు చూస్తే హీరో మొహంతోపాటు దాన్ని అంటించిన చేతుల్నీ ఒక్కసారి తలుచుకోండి. ఉంటానే!