కౌన్సిలర్ సాబ్ ఊళ్ళో లేరు

2024 ఏప్రిల్ మాసంలో మా వీధి కుళాయిలలో నాలుగు దినాలు మురుగు కలిసిన నీరు వచ్చినది. కాలువ ప్రక్కన ఎక్కడనో పాత గొట్టం పగిలినది. రెండిళ్ళలో పసిపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నవి. పురపాలక కార్యాలయానికి వెళ్ళితే, ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో ఉన్నదనీ, ఏ పనీ చేపట్టడానికి వీలులేదనీ అక్కడి గుమాస్తా సెలవిచ్చారు. నియమావళి క్రొత్త పనులను ఆపుతుందే గాని పగిలిన గొట్టానికి అతుకు వేయవద్దని చెప్పదు. కాని ఆ మాట కళాశాల ఉపన్యాసకులు చెప్పితే వినేవారెవరు? వార్డు కౌన్సిలరు చెప్పితే వింటారు. కావున కౌన్సిలరు గారి ఇంటికి వెళ్ళాము. తలుపు చాటునుండి ఒక స్త్రీ కంఠం, "కౌన్సిలర్ సాబ్ ఊళ్ళో లేరు భాయ్, ప్రచారానికి వెళ్ళారు" అని పలికినది. మరునాడు మరల వెళ్ళాము. అదే కంఠం, అదే జవాబు.

ఆ సంవత్సరం మే 13వ తేదీన మన రాష్ట్రంలో శాసనసభకు, లోక్‌సభకు కలిపి పోలింగు జరిగినది. దానికి ముందు రెండు మాసాలపాటు ఈ పట్టణంలో కౌన్సిలర్లను చూడవలెనంటే ప్రచార రథం వెనుక చూడవలసినదే. పార్టీ భేదం లేదు. ఒకరి మెడలో ఒక రంగు కండువా, మరొకరి మెడలో మరొక రంగు కండువా. వార్డు మాత్రం ఉభయులకూ దూరమే.

ఇది చూచి విసిగినవారు మా ఉపన్యాసకుల గదిలోనూ ఉన్నారు. "వీధి దీపానికీ మురుగు కాలువకూ పార్టీ ఏమిటండీ? మునిసిపాలిటీ నుండి పార్టీలను వెళ్ళగొట్టితే గాని బాగుపడదు" అని వారి వాదం. ఇది చిన్న వాదం కాదు. జయప్రకాశ్ నారాయణ్ వంటి మహనీయులు పార్టీలు లేని ప్రజాస్వామ్యాన్ని కోరినారు. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ సర్పంచి ఎన్నికలు నేటికీ పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతున్నవి. కాని ఫలితాలు వచ్చిన మరునాటి పత్రికలలో ఏ పార్టీ "మద్దతుదారులు" ఎన్ని గ్రామాలు గెలిచినారో లెక్క వేసి ప్రకటిస్తారు. గుర్తు పోయినంత మాత్రాన పార్టీ పోలేదు. పార్టీ కనబడకుండా పోయినచోట కులమూ, బంధుత్వమూ, డబ్బూ ముందుకు వచ్చి కూర్చుంటవి. అశోక్ మెహతా కమిటీ 1978లో ఇచ్చిన నివేదికలో, స్థానిక ఎన్నికలలో పార్టీలు బహిరంగంగా పాల్గొనుటయే మంచిదని సిఫారసు చేసినది. మా అభిప్రాయమూ అదే. జెండా పట్టుకొన్నవారిని రేపు నిలదీయవచ్చు. జెండా దాచుకొన్నవారిని ఏమని నిలదీస్తాము?

కాబట్టి కౌన్సిలరు పార్టీ మనిషి కావడాన్ని మేము ఆక్షేపించడం లేదు. సర్దార్ వల్లభభాయ్ పటేల్ అహమదాబాదు పురపాలక సంఘంలో 1917లో ప్రవేశించి, 1924 నుండి 1928 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆయనకంటె గట్టి పార్టీ మనిషి మరొకరు ఉన్నారా? 1917లో ఆ నగరంలో ప్లేగు వ్యాపించి, దారి దొరికినవారు దొరికినట్లు ఊరు విడిచి పోతూ ఉంటే, పారిశుధ్య సంఘ బాధ్యత వహించిన పటేల్ ఊరు విడువక వీధులలో తిరిగి పని చేయించినారు. పార్టీ ఆయనను వార్డునుండి దూరం చేయలేదు.

మరి నేడు దూరం చేస్తున్నది ఏమిటి? దీనికి జవాబు మాకు గ్రంథాలలో దొరకలేదు. మా తరగతిలో దొరికినది.

ఆ ఏప్రిల్ మాసంలోనే, బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మూడు వారాలు తరగతికి రాలేదు. తెలివైనవాడు, ఛందస్సు చెప్పితే ఇష్టంగా వినేవాడు. ఒకనాటి సాయంకాలం మోటారు సైకిళ్ళ ఊరేగింపులో జెండా పట్టుకొని పోతూ మాకు ఎదురైనాడు. మమ్ము చూచి తల వంచుకొన్నాడు. మరునాడు పిలిపించి మందలించినాము. పెట్రోలు చీటీకీ, బిర్యానీ పొట్లానికీ చదువు అమ్ముకొంటావా అని కొంచెం కటువుగానే అడిగినాము. ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడుతున్నాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బిర్యానీ కోసం కాదు సార్. బస్టాండు దగ్గర మా అబ్బాజాన్ పండ్ల బండికి జాగా ఇప్పించినది కౌన్సిలర్ సాబే. ఆయన పిలిచితే ఎట్లా కాదంటాము?" అన్నాడు.

ఈ జవాబులో మన పట్టణ రాజకీయమంతా ఉన్నది. ఆ జాగా ఎవరిది? వీధి విక్రేతల జీవనోపాధి పరిరక్షణ కొరకు 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసినది. దాని ప్రకారం బండి పెట్టుకొనే విక్రేతకు ధ్రువపత్రం ఇవ్వవలసినది పట్టణ విక్రయ కమిటీ. దానికి అధ్యక్షులు మునిసిపల్ కమిషనరు. అందులో నూటికి నలుబది మందికి తగ్గకుండా విక్రేతలే ఎన్నుకొన్న ప్రతినిధులు ఉండవలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు ఉండవలెను. కౌన్సిలరు "ఇప్పించడం" అనే మాటే ఆ చట్టంలో లేదు. తండ్రికి న్యాయంగా రావలసిన దానిని ఒకరు దయచేసినట్లు ఇచ్చినారు. ఆ దయకు కొడుకు మూడు వారాల చదువు చెల్లించినాడు. పూర్వం గ్రామాలలో దీనిని వెట్టి అనేవారు. నేడు కార్యకర్తల ఉత్సాహం అంటున్నాము.

హక్కును ఉపకారంగా మార్చి, ఆ ఉపకారానికి ప్రచారంలో వడ్డీ వసూలు చేయడమే మా ఆక్షేపణ. ఇందులో కౌన్సిలరు ఒక్కరినే దోషిగా నిలబెట్టితే అన్యాయమవుతుంది. ఆయన మెడకూ ఇటువంటి త్రాడే ఉన్నది. పోటీకి కావలసిన బి ఫారం ఆయనకు వార్డు ప్రజలు ఇవ్వరు. అది నియోజకవర్గ నాయకుని చేతిలో ఉంటుంది. పట్టణాధ్యక్షుని ఎన్నుకొనేనాడు పార్టీ విప్‌ను ధిక్కరించితే సభ్యత్వమే పోయే నియమం ఉన్నది. అదే సభలో శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పదవి రీత్యా ఓటు వేస్తారు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండవ షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుధ్యం మొదలైన 18 అంశాలను పేర్కొన్నది. కాని అధికారాలను ఎంతమేరకు అప్పగించవలెనో రాష్ట్ర శాసనసభల ఇష్టానికి విడిచిపెట్టినది. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో సచివాలయాల వ్యవస్థ ప్రారంభమయిన తరువాత, సామాన్యుని దరఖాస్తుకు కౌన్సిలరు గడప త్రొక్కవలసిన పని మరింత తగ్గినది. అది ప్రజలకు మేలే. చేతిలో పని తగ్గి, పైవారి ఋణం పెరిగినవాడు ఏమి చేస్తాడు? జెండా మోస్తాడు. మా విద్యార్థికీ ఆయనకూ భేదం జెండా కర్ర పొడవులో మాత్రమే ఉన్నది.

మన మొహల్లాలకు దీనిలో మరొక అవమానం కలదు. ఎన్నికల సభలో మన కౌన్సిలరును వేదికమీద మూడవ వరుసలో కూర్చుండబెట్టుతారు. ఆయనకు అప్పగించే పని, "మా వార్డు ఓట్లన్నీ మీవే" అని మైకులో చెప్పడం. ఎవరి ఓట్లు? వీధి చివర దర్జీ ఒక విధంగా ఆలోచిస్తాడు, అతని భార్య మరొక విధంగా ఆలోచిస్తుంది, మా పెద్దనాన్నగారు డెబ్బది ఏండ్ల వయస్సున ప్రతి అభ్యర్థి కరపత్రమూ కళ్ళజోడు పెట్టుకొని చదివి గాని నిర్ణయించుకోరు. వీరినందరినీ ఒక బస్తాలో పోసి తూకం వేసి అప్పగించడానికి ఆయనకు ఎవరు అధికారం ఇచ్చినారు? పైవారు మనలను ఓటు బ్యాంకు అన్నారని మనం నొచ్చుకొంటాము. ఆ బ్యాంకుకు గుమాస్తాగిరీ చేస్తున్నది మనవారేనని చెప్పడానికి సంకోచిస్తాము.

ఈ వ్యాసం చదివే కళాశాల కమిటీ పెద్దలలో పురపాలక సభ్యులూ, మాజీ సభ్యులూ ఉన్నారు. వారికి మాపై కోపం రావచ్చు. వచ్చినా ఒక విన్నపం చేయక తప్పదు. 2024లో మన కళాశాల ఆవరణలో ఒక పార్టీవారి భోజనాలు జరిగినవి. ఆ మధ్యాహ్నం రెండు తరగతులు చెట్టు క్రిందికి మారినవి. ఇక మీదట ఎన్నికల మాసాలలో ఏ పార్టీకీ, అది కమిటీ సభ్యుల పార్టీయైనా సరే, ఆవరణ ఇవ్వరాదని తీర్మానం చేయవలెను. విద్యార్థి ప్రచారానికి పోవడం మానడం అతని స్వేచ్ఛ. పోనివానికి ఏ నష్టమూ జరగదని కమిటీవారు నోటితో చెప్పినా చాలు.

విద్యార్థులకు మేము రాజకీయాలు వద్దని చెప్పము. 18 ఏండ్లకు ఓటు, 21 ఏండ్లకు కౌన్సిలరుగా పోటీ చేసే అర్హత మీకు ఉన్నవి. మీలో ఒకరు రేపు ఆ కుర్చీలో కూర్చుండవచ్చు. అంతకుముందు ఒకసారి సమాచార హక్కు చట్టం క్రింద మీ వార్డులో గత సంవత్సరం ఏ పనికి ఎంత వ్యయమయినదో అడిగి చూడండి. కాగితం మీద వ్రాసి అడగడం మొదట కష్టంగా ఉంటుంది. మాకూ ఉండినది.

ఇక కుళాయి సంగతి. మూడవసారి మేము వెళ్ళలేదు. మా ఇంటివారు వెళ్ళినారు. స్త్రీ గనుక లోపలికి పిలిచి కూర్చుండబెట్టినారు. అప్పుడు తెలిసినది. మన రాష్ట్రంలో పురపాలక స్థానాలలో సగం స్త్రీలకు కేటాయించబడినవి. 2021 మార్చిలో మా వార్డునుండి ఎన్నికైనది ఆ తలుపు చాటు కంఠమే. "కౌన్సిలర్ సాబ్ ఊళ్ళో లేరు" అని రెండు దినాలు మాకు చెప్పినది సాక్షాత్తు కౌన్సిలరు. ఓటు వేసిన మేమే ఆ పేరు మరచి, భర్తను వెదకుచూ పోయినాము. ఇందులో మా తప్పు ఆమె తప్పుకంటె తక్కువ కాదు.

"నా మాట వింటారా?" అని ఆమె అడిగినదట. "సంతకం మీదే కదా ఆపా" అన్నారట మా ఇంటివారు. కమిషనరుకు ఉత్తరం తెలుగులో మేమే వ్రాసి పంపినాము. ఆమె చదివించుకొని, ఒక వాక్యం మార్పించి, సంతకం చేసినది. మూడవనాడు మనుషులు వచ్చి గొట్టం మార్చినారు. ఆయన ఇంకా ప్రచారంలోనే ఉన్నారు. ఆ ఉత్తరం నకలు మా వద్ద ఉన్నది. క్రింద ఉర్దూలో ఆమె పేరు, దాని క్రింద తెలుగులో "వార్డు కౌన్సిలరు" అని ముద్ర.