విజ్ఞాన వీచిక: ఉష్ణమాపకం ఎవరి వేడిని చెబుతున్నది?

కటవారియా సరాయ్ అనగానే విద్యుత్ రంగంలోనివారికి రెండు కార్యాలయాలు స్ఫురిస్తాయి. ఒకటి పవర్‌గ్రిడ్ సంస్థ రిజిస్టర్డు కార్యాలయం. రెండవది ఉత్తర ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం. ఢిల్లీ ఎండలు 45 డిగ్రీలు దాటిన రోజున ఇంటింటా కూలర్లు, ఏసీలు తిరుగుతుంటే, ఆ కేంద్రంలోనివారు లెక్కగట్టే భారాన్ని మోసేవి సబ్‌స్టేషన్లలోని ట్రాన్స్‌ఫార్మర్లు. వాటి ఆయువు పలుచని కాగితంపై ఆధారపడి ఉన్నదంటే ఆశ్చర్యం కలుగక మానదు.

ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులోని రాగి తీగకు కాగితం చుట్టి, నూనెలో ముంచి ఉంచుతారు. ఇవి విద్యుత్తుకు బంధకాలు. అయితే విద్యుత్తును ఆపే కాగితం వేడిని కూడ సులభంగా పోనివ్వదు. దాని ఉష్ణవాహకత రాగి కంటె వెయ్యి రెట్లకు పైగా తక్కువ. అందుచేత నూనె కంటె వైండింగు ఎల్లప్పుడూ ఎక్కువ వేడిగా ఉంటుంది. పూర్తి భారం మీద ఈ తేడా 20 డిగ్రీలకు మించడం కూడ కద్దు.

ఈ తేడా చిన్నది కాదు. మామూలు క్రాఫ్ట్ కాగితం విషయంలో, వైండింగులో అత్యధిక వేడి గల చోట 98 డిగ్రీలను ప్రమాణంగా తీసుకొంటారు. అక్కడినుండి ప్రతి 6 డిగ్రీల పెరుగుదలకు కాగితం శిథిలమయ్యే వేగం రెట్టింపవుతుంది. 110 డిగ్రీల వద్ద ఒక గంట నడిస్తే నాలుగు గంటల ఆయువు ఖర్చయినట్లే.

మరి ఆ వేడిని కొలిచేదెలా? అధిక వోల్టేజి గల తీగకు లోహపు ఉష్ణమాపకాన్ని ఆనించరాదు. కనుక పైభాగపు నూనెలో బల్బును ఉంచి, భారాన్ని అనుసరించి కరెంటు ప్రవహించే చిన్న హీటరుతో అదనపు వేడిని జోడిస్తారు. ముల్లు చూపేది అంచనాయే. బల్బు ఉండే పాకెట్‌లో నూనె నింపకపోతే అంచనా కూడ తప్పుతుంది. గాలి ఉష్ణవాహకత నూనెలో దాదాపు అయిదోవంతే కాబట్టి, ముల్లు ఆలస్యంగా కదలి, తక్కువ చూపుతుంది. దానిని నమ్ముకొన్న ఫ్యాన్లు, పంపులు, అలారం కూడ ఆలస్యమవుతాయి. ఇటీవలి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో విద్యుత్తును ప్రసరింపజేయని గాజు తంతువులను వైండింగులోనే అమర్చి, వేడిని నేరుగా కొలుస్తున్నారు.

ఇంటిలోనూ ఇదే సూత్రం. ఫ్లాస్కును బయట తాకి, లోపలి కాఫీ చల్లారినదని ఎవరూ అనుకొనరు. బిడ్డ చంకలో థర్మామీటరు పెట్టేటప్పుడు మాత్రం చొక్కా మడత అడ్డుపడినదేమో గమనించము. ఉష్ణమాపకం తనకు తగిలిన వేడినే చెబుతుంది. దానికీ, మనకు కావలసిన చోటికీ మధ్య ఏమున్నదో చూడవలసిన బాధ్యత మనదే.